బీరువా వెనక తలనూనె మరక

దయ్యాల కథలు చెప్పేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ, వాళ్ల మాటలు చివరిదాకా వినే ఓపిక ఎప్పుడూ ఉండేది కాదు. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటిది మొదలుపెడితే నేను పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. నేను లెక్కల టీచర్ని. ఎక్కడైనా వింత జరిగిందంటే దాని వెనక ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి ఏదో దాస్తున్నాడని నా నమ్మకం. పరీక్ష హాల్లో ఎవరు చీటీ పెట్టుకున్నారో కూర్చున్న తీరు చూసి చెప్పేస్తానని మా పిల్లలకు భయం. ఈ అనుమానపు బుద్ధి ఇంటికొచ్చినా నన్ను వదలదు. అందుకే ఈ విషయంలో కూడా నేను మొదట అనుమానించింది మనిషినే.

పెనుకొండలో మేము ఆరేళ్లు ఒకే అద్దె ఇంట్లో ఉన్నాం. ఒక కాంపౌండులో రెండు పోర్షన్లు. పక్క పోర్షన్లో ఇంటివాళ్లు, రత్నమ్మక్క, ఆమె భర్త ఉండేవాళ్లు. ఆయనకు బస్టాండు దగ్గర కిరాణా కొట్టు. మా ఇంట్లో మేము ముగ్గురమే, నేను, మా ఆయన, మా పాప. మా ఆయన హిందూపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, రోజూ బండి మీద వెళ్లి వచ్చేవాడు. నేను ఊళ్లోనే హైస్కూల్లో చెప్పేదాన్ని. పొద్దున ఎనిమిదిన్నరకు తాళం వేస్తే మళ్లీ సాయంత్రం నాలుగున్నరకు నేనూ పాపా వచ్చి తీసేవాళ్లం. మధ్యలో ఇంట్లో ఎవరూ ఉండరు. మా అమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. మా అత్త మడకశిరలో మా బావగారి దగ్గర ఉంటుంది. ఈ ఆరేళ్లలో ఆమె మా ఇంటికి వచ్చింది మూడుసార్లు, అదీ ఒకటి రెండు రోజులు. రత్నమ్మక్క ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

రత్నమ్మక్క చెడ్డ మనిషి కాదు. నీళ్లు రాని రోజు పిలిచి బిందె నింపిచ్చేది. అయినా మా మధ్య ఏదో అడ్డు ఉండేది. మా ఇంట్లోకి వచ్చి కూర్చునేది కాదు. పండక్కి ఏమైనా తెచ్చిస్తే గడప దగ్గరే నిలబడి ఇచ్చి, నా భుజం మీదుగా లోపలికి చూసేది. వీధిలో ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో మాట్లాడుతూ ఉంటే, నేను దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోయేది. ఉద్యోగం చేసే ఆడవాళ్లంటే కొందరికి ఉండే చులకన కాబోలని నేను సరిపెట్టుకున్నాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నాకు ధర్మవరం బదిలీ అయింది. అక్కడ ఇల్లు చూసుకుని, వ్యాను మాట్లాడి ఒక పొద్దున సామాన్లు ఎక్కించాం. మా ఆయన, పాప వ్యానుతో వెళ్లిపోయారు. నేను ఇల్లు శుభ్రం చేసి సాయంత్రం బస్సుకు వస్తానన్నాను. వాళ్లు మురికి ఇల్లు వదిలిపోయారని వెనక ఎవరూ అనుకోకూడదని నా పట్టుదల. ఒక్క రోజులో అయ్యే పని కాదని తెలుసు. రెండు మూడు రోజులు బస్సులో వచ్చిపోతూ చేద్దామనుకున్నాను.

వంటగది గోడల జిడ్డు, సజ్జల మీద దుమ్ము, బాత్రూము, ఇలా ఒక్కొక్కటే చేసుకుంటూ మధ్యాహ్నానికి వెనక గదికి వచ్చాను. ఆ గదిలో మా ఇనప బీరువా ఉండేది. దిగిన రోజు నలుగురు మోసి పెట్టింది, ఆరేళ్లు కదల్లేదు. దాన్ని తీసేసిన చోట గోడ ఖాళీగా ఉంది. ఆ గోడ మీద మరక ఉంది.

తలనూనె మరక. రోజూ గోడకు తల ఆనించుకుని కూర్చునే ముసలివాళ్లున్న ఇళ్లలో అందరూ చూసే ఉంటారు. గుండ్రంగా, మధ్యలో నల్లగా, చుట్టూ పసుపుగా. నేల నుంచి రెండడుగుల పైన, మనిషి కింద కూర్చుంటే తల ఆనే ఎత్తులో ఉంది. వేలితో తాకితే జిడ్డు అంటింది. వాసన చూశాను. ఆముదం. మా ఇంట్లో ఎవరమూ ఆముదం రాసుకోం.

ఇది మేము రాకముందు ఉన్న వాళ్లదే అయి ఉంటుందనుకున్నాను. కానీ మేము దిగినప్పుడు ఇంటికి కొత్తగా సున్నం వేసి ఉంది. పాలు పొంగించిన రోజు తీసిన ఫోటోలు ఫోనులో ఉన్నాయి. వెతికి చూశాను. వెనక గదిలో మా పాప గంతులేస్తున్న ఫోటోలో అదే గోడ తెల్లగా ఉంది.

తర్వాత నేల చూశాను. నల్ల బండలు. బీరువా నాలుగు కాళ్లు ఉన్న చోట నాలుగు తుప్పు గుర్తులు బండకు పట్టుకుని ఉన్నాయి. ఆ నాలుగు గుర్తుల మధ్య, గోడకు దగ్గరగా, బండ ఒక మనిషి కూర్చునేంత మేర నున్నగా మెరుస్తోంది. చుట్టూ అంతా మసక, అక్కడ మాత్రం మెరుపు. బీరువాకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా ఉండేది కాదు. బీరువా కింద చీపురు కూడా కష్టంగా దూరేది.

నాకు భయం వేయలేదు. విసుగొచ్చింది. సోడా, సబ్బుపొడి కలిపి కొబ్బరి పీచుతో గంటసేపు రుద్దాను. మరక చాలావరకు పోయింది. గది కడిగి, తాళం వేసి బస్సెక్కాను. రాత్రి మా ఆయనకు చెబితే, బీరువా బందులకు తను నూనె వేసేవాడినని, అది కారి ఉంటుందని అన్నాడు. బందులు ముందు వైపు ఉంటాయి కదా అన్నాను. మరి చెమ్మ అయి ఉంటుందిలే అని పడుకున్నాడు.

రెండో రోజు పొద్దున వెళ్లేసరికి మరక మళ్లీ ఉంది. ముందు రోజు కన్నా తడిగా, అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.

అప్పుడే రత్నమ్మక్క మీద నాకు అనుమానం పుట్టింది. మా తాళానికి మూడు చెవులు ఉండేవి. ఒకటి రెండేళ్ల కింద పోయింది. అది ఆమెకు దొరికి ఉంటే? మేము లేనప్పుడు వచ్చి ఆ గదిలో ఫ్యాను కింద కూర్చుంటూ ఉంటే? ఆమె గడపలో నిలబడి లోపలికి చూసే చూపు, వీధిలో ఆగిపోయే మాటలు, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. బీరువా వెనక ఎవరైనా ఎలా కూర్చుంటారన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అనుమానం గట్టిగా పట్టుకున్నప్పుడు కుదరని లెక్కను పక్కన పెట్టేస్తాం. నేనూ అదే చేశాను.

మరకను మళ్లీ రుద్దాను. ఈసారి పీచుకు ఒక తెల్ల వెంట్రుక చుట్టుకుని వచ్చింది. పొడుగ్గా ఉంది. రత్నమ్మక్క జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కొబ్బరి పోగేమోనని పారేశాను. అంగట్లోకి వెళ్లి కొత్త తాళం కొన్నాను. మధ్యాహ్నం మూడింటికి దాన్ని వేస్తుంటే రత్నమ్మక్క తన వాకిట్లో నిలబడి చూసింది. పలకరించలేదు. ఆమె ముఖంలో కోపం స్పష్టంగా కనపడింది. దొంగ దొరికిందనుకున్నాను.

మూడో రోజు కొత్త తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి నేరుగా వెనక గదికి వెళ్లాను.

మరక ఉంది. దాంతోపాటు కిటికీ గట్టు మీద, ఊచలకు లోపలి వైపు, ఒక చిన్న స్టీలు గిన్నె బోర్లించి ఉంది. శుభ్రంగా తోమిన గిన్నె. అంచు మీద రత్నమ్మక్క పేరు చెక్కి ఉంది.

ఆ కిటికీ పక్క సందులోకి తెరుచుకుంటుంది. అక్కడ రత్నమ్మక్క వాళ్ల ఉతికే బండ ఉంది. కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు, ఎప్పుడూ జానెడు తెరిచే ఉంటుంది. గిన్నె ఊచల మధ్య నుంచి లోపలికి పట్టేంత చిన్నదే. ఆ మాత్రం ఆలోచించే తీరిక నాకు లేదు. గిన్నె పట్టుకుని వాళ్ల వాకిట్లోకి వెళ్లాను.

ఆమె చింతపండు గింజలు తీస్తోంది. గిన్నె ఆమె ముందు పెట్టి, ఇది మీదే కదా అని అడిగాను.

"నాదే," అంది.

"తాళం వేసిన ఇంట్లోకి ఎట్లా వచ్చిందక్కా?"

ఆమె చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అడగాల్సింది నేను, నువ్వు అడుగుతాండావు టీచరమ్మా. ముందు ఆయమ్మను ఏం చేసినావో చెప్పు."

"ఏ అమ్మ?"

"ఆరేండ్లుగా ఆ గదిలో పెట్టి బీగం ఏసుకోని పోతాండావే, ఆ ముసలామె."

నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. తర్వాత ఆమె చెప్పింది ఇది.

మేము దిగిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె సందులో బట్టలు ఉతుకుతుంటే, మా వెనక గదిలో ఎవరో గొంతు సవరించుకోవడం వినపడింది. మా అత్త వచ్చి ఉంటుందనుకుంది. కానీ వాకిలికి బయట తాళం ఉంది. తర్వాత రోజూ వినపడేది. చిన్నగా దగ్గు, ఆవులింత, తనలో తాను ఏదో అనుకుంటున్నట్టు మాట. ఒకరోజు కిటికీ దగ్గర్నుంచి స్పష్టంగా అడిగిందట, "ఎవరమ్మా ఆడ? ఇంత అన్నం ఉండాదా?" అని.

రత్నమ్మక్క గిన్నెలో అన్నం, పప్పు కలిపి కిటికీ గట్టు మీద పెట్టి వచ్చింది. గంట తర్వాత వెళ్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ రోజు నుంచి మేము బయటికి వెళ్లిన ప్రతి రోజూ పెట్టేది. మేము రాకముందే గిన్నె తీసేసుకునేది. సెలవు రోజుల్లో మేము ఇంట్లో ఉంటాం కాబట్టి మేమే పెడతామని ఊరుకునేది. లోపలికి తొంగి చూస్తే ఏమీ కనపడేది కాదు, బీరువా ఒక పక్క మాత్రం కనిపించేది. దాని వెనక మూల ఏదో ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టారు కాబోలనుకుంది. నాతో అడుగుదామంటే భర్త వద్దన్నాడట, బాడుగకు ఉండేవాళ్ల సంగతులు మనకెందుకని. మతి సరిగా లేని అత్తను నలుగురికీ చూపించడం నాకు నామోషీ అని ఆమె నిర్ణయించుకుంది. వీధిలో ఇద్దరితో అంది కూడా.

"బడిలో పిల్లోళ్లకు నీతులు చెప్పే మనిషి, ఇంట్లో ముసలామెకు ఇంత ముద్ద పెట్టదే అని నిన్ను చూసినప్పుడల్లా కడుపు మండిపోయేది," అంది.

సామాన్లు వెళ్లిన రోజు ఆమె వ్యాను దగ్గరే నిలబడి చూసిందట. ముసలామెను ఎక్కించలేదు. సాయంత్రం నేను బస్సుకు వెళ్లాక గదిలో దగ్గు వినపడింది. నిన్న నేను కొత్త తాళం వేశాను. అది చూసి ఆమెకు భయం పట్టుకుంది. అన్నం పెట్టి, చీకటి పడ్డాక గిన్నె కోసం వెళ్తే గట్టు మీద బయటి వైపు లేదు. రాత్రంతా నిద్రపోలేదట. ఈరోజు భర్త కొట్టు నుంచి రాగానే తాళం పగలగొట్టిద్దామని అనుకుంటోంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి తీసుకెళ్లాను. ఆరేళ్లలో ఆమె మా గడప దాటడం అదే మొదటిసారి. ఖాళీ గదులు ఒక్కొక్కటే చూసింది. సజ్జ మీదికి చూసింది. బాత్రూము తలుపు వెనక చూసింది. వెనక గదిలో మరక ముందు నిలబడింది. నాలుగు తుప్పు గుర్తులు, వాటి మధ్య మెరుపు, అన్నీ చూపించాను. బీరువా ఎక్కడుండేదో ఆమెకు కిటికీలోంచి తెలుసు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వంగి మరకను వేలితో తాకి వాసన చూసింది.

"ఆముదం," అంది. "రోజూ వచ్చే వాసన ఇదే."

అయినా ఆమె నన్ను నమ్మలేదు. ఆమె కళ్లలో అది కనపడింది. నిజం చెప్పాలంటే నేనూ ఆమెను పూర్తిగా నమ్మలేదు. నిజంగా మీ అత్త ఇక్కడ లేదా అని మళ్లీ అడిగింది. నేను అక్కడే నిలబడి మడకశిరకు ఫోను చేశాను. మా అత్తను పిలిపించి స్పీకరు పెట్టాను. ఆమె సగం కన్నడం, సగం తెలుగులో ఇల్లు మారడం గురించి, పాప గురించి ఏవేవో అడిగింది. రత్నమ్మక్కను మాట్లాడమన్నాను. అన్నం తిన్నారా అని మాత్రం అడిగింది. మా అత్త తిన్నానంది.

ఫోను పెట్టేశాక రత్నమ్మక్క తల అడ్డంగా ఊపింది.

"ఈ గొంతు కాదు."

ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా పెద్దవాళ్లు పోయారా అని అడిగాను. లేదంది. ఇల్లు వాళ్లే కట్టించారు, అంతకుముందు అది చెనక్కాయ పంట వేసే చేను. మాకన్నా ముందు ఉన్నది ఒక కుర్ర జంట. తర్వాత వీధిలో ఇంకో ఇద్దర్ని అడిగాను. వాళ్లూ అదే చెప్పారు.

సోడా బకెట్టు తెచ్చుకుని మళ్లీ రుద్దబోతే రత్నమ్మక్క నా చేతిలో పీచు తీసుకుంది.

"ఉండనీ టీచరమ్మా. ఇంగ రుద్దద్దు," అంది.

నేను మిగతా గదులు తుడిచి, పాత తాళం, కొత్త తాళం, ఉన్న చెవులన్నీ ఆమెకు ఇచ్చేసి బస్సెక్కాను. భయం బస్సులో మొదలైంది. ఆ వెనక గదిలోనే మా పాప ఆరేళ్లు హోంవర్కు చేసుకుంది. బీరువాకు వీపు ఆనించుకుని కూర్చునేది. ఇంటికెళ్లాక, ఆ గదిలో నీకెప్పుడైనా ఏమైనా అనిపించిందా అని మామూలుగా అడిగాను. ఏం అనిపించాలమ్మా అంది.

మా ఆయనకు ఇప్పటికీ ఇదంతా రత్నమ్మక్క భ్రమే. పగలంతా ఒంటరిగా ఉండే మనిషి, ఏవో శబ్దాలు వింది, అన్నం పిల్లులు తిన్నాయి అంటాడు. పిల్లులు గిన్నె కడిగి బోర్లిస్తాయా అంటే నవ్వుతాడు. మరక ఆమే పూసి ఉంటుందంటాడు. కొత్త తాళం వేసిన ఇంట్లో, బీరువా వెనక, ఆరేళ్లపాటు ఎలా, ఎందుకు పూస్తుందో చెప్పడు. నేనూ చాలాసార్లు లెక్క వేశాను. ఆమె అబద్ధం చెప్పిందనుకుంటే బండ మీది మెరుపు కుదరదు. ఆమె నిజం చెప్పిందనుకుంటే మిగతాదేదీ కుదరదు. మేము లేని వేళ ఆ ఇంట్లో ఎవరు కూర్చునేవాళ్లో, మేమున్నప్పుడు వాళ్లు ఎక్కడికి పోయేవాళ్లో నాకు తెలియదు. ఆకలేసినప్పుడు నన్ను ఒక్కసారీ ఎందుకు అడగలేదో కూడా తెలియదు. దయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే అంటాను. ఇంతకుముందు అన్నంత గట్టిగా అనలేను.

ఆ తర్వాత కొన్ని నెలలకు హిందూపురంలో ఒక పెళ్లిలో రత్నమ్మక్క కనిపించింది. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంది. ఇదివరకటి బిగువు లేదు. ధర్మవరం ఇల్లు ఎలా ఉందని అడిగింది. మా పోర్షను ఇంకా ఎవరికీ ఇవ్వలేదంది. మేము వెళ్లాక కూడా కొన్నాళ్లు గిన్నె పెట్టి చూసిందట. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండి చీమలు పట్టేదట. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. గోడ మీది మరక కూడా ఆరిపోయి, వెలిసిపోయిందట.

చేతులు కడుక్కుని వెళ్లొస్తానని లేచింది. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ నా దగ్గరికి వచ్చింది. చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించింది.

"ఆయమ్మ బాగుండాదా?" అని అడిగింది.

పొరపాటున అడిగిందో, నన్ను ఇంకా నమ్మక అడిగిందో, నాకు తెలియనిది ఆమెకు ఏదైనా తెలిసి అడిగిందో చెప్పలేను. ఆమె ముఖంలోకి చూశాను. మామూలుగా, మన ఇంట్లో పెద్దవాళ్ల క్షేమం అడిగినట్టే ఉంది.

"బాగుందక్కా," అన్నాను. ఎందుకలా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.